ముందు బాణాలు కొన్నా, తర్వాత విల్లు కొలిచా

మా పాపకి పద్నాలుగేళ్ళు. విజయవాడలోనే ఆర్చరీ నేర్చుకుంటోంది, మూడేళ్ళు అవుతోంది. నేను ఇంట్లో బ్లౌజులు, లంగాలు కుడతాను, మా ఆయనది షాపులో ఉద్యోగం. మా ఇళ్ళల్లో ఎవరూ ఆటలు ఆడినవాళ్ళు లేరు, కాబట్టి కార్బన్ బాణాల గురించి నేను నేర్చుకున్నదంతా డబ్బులు పోగొట్టుకుని, మళ్ళీ కొంచెం సంపాదించుకుని, పాపని ఏడిపించి నేర్చుకున్నదే. ఇప్పుడిప్పుడే పిల్లల్ని చేరుస్తున్న అమ్మానాన్నలు నన్ను కనీసం వారానికి ఒకళ్ళయినా "ఏ బాణాలు కొనాలండీ" అని అడుగుతున్నారు, అందుకే జరిగింది జరిగినట్టు మొత్తం రాస్తున్నా.

పాప మొదట వెదురు విల్లుతో మొదలుపెట్టింది, మన ఇండియన్ రౌండ్ అంటారు కదా అది. ఏడాదిన్నర తర్వాత కోచ్ సార్ రికర్వ్ కి మార్చారు. రికర్వ్ అంటే ఒలింపిక్స్ లో వేసే విల్లు, మధ్యలో చేత్తో పట్టుకునే రైజర్, పైనా కిందా వంగే బద్దలు అంటే లింబ్స్, గురి చూసే సైట్, బాణం పక్కన ఆనే స్ప్రింగు పిన్ను ప్లంజర్, సరిపడా లాగగానే టక్ మనే రేకు క్లిక్కర్ అన్నీ ఉంటాయి. విల్లు సెకండ్ హ్యాండ్ లో తీసుకున్నాం, బాణాలు మాత్రం అకాడమీవే వాడేది. అవి పదిమంది పిల్లలు వాడి వదిలేసినవి, ఒక్కోటి ఒక్కో పొడుగు, ఒక్కో బరువు. ఒక బాణం పదిలో పడితే దాని పక్కది నాలుగులో పడేది, తప్పు చేతిదా బాణానిదా ఎవరూ చెప్పలేరు. అప్పుడు సార్ "అమ్మా, ఇంక పాపకి సొంత బాణాలు తీసుకోవాలి, నేను టోర్నమెంట్ నుంచి వచ్చాక చూద్దాం" అని టీమ్ తో వెళ్ళారు. వెళ్ళింది దాదాపు నెల.

ఆ నెల నేను ఆగలేకపోయా. నాకు ఆ నెలే చీటీ డబ్బులు వచ్చాయి, చేతిలో ఉంటే ఏదో ఒకదానికి అయిపోతాయి అని భయం. పైగా మా ఊరు నుంచి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ లో మూడు బంగారు పతకాలు తెచ్చిన దగ్గర్నుంచి మా పాప గదిలో గోడంతా ఆ అమ్మాయి ఫొటోలే, "అమ్మా, అక్క వాడేలాంటి బాణాలు కొను" అని ఒకటే గొడవ. సురేఖ వేసేది చివర్లలో చక్రాలుండే కాంపౌండ్ విల్లు, మా పాపది రికర్వ్, రెండిటికీ బాణం ఎంపిక పూర్తిగా వేరు అని అప్పటికి నాకు తెలియదు. తెలిసినవాళ్ళ ద్వారా ఒకతను డజను బాణాలు అమ్ముతున్నాడు అంటే వెళ్ళి చూసా. ఈస్టన్ కంపెనీ ఏసీఈ, 620 అని రాసి ఉంది, లోపల అల్యూమినియం గొట్టం పైన కార్బన్, మధ్యలో కాస్త లావుగా రెండు చివర్లకి సన్నగా ఉండే రకం. చేతిలో పట్టుకుంటే ఎంత నున్నగా ఉన్నాయో, ఒక్క గీత లేదు. "పెద్ద పెద్ద ప్లేయర్లు వేసే బాణాలు ఇవి, పిల్లకి ఇంక ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. పాప విల్లు ఎన్ని పౌండ్లు, అంటే లాగడానికి ఎంత బలం కావాలి అని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. నా నెలన్నర కుట్టు కూలి అంత డబ్బు ఇచ్చి తెచ్చేసా.

మొదటి రోజే పాప ముఖం చూస్తే అర్థమైంది. అన్నీ ఎడమకే పోతున్నాయి. ఎడమకి పోతుంటే సైట్ పిన్ను కూడా ఎడమకే జరపాలి కదా, అలా జరిపి జరిపి ఆ పిన్ను ఇంక జరగదు అన్నంత దూరం వచ్చేసింది, అయినా బాణాలు ఒకచోట గుంపుగా పడట్లేదు, ఒకటి బాగా ఎడమకి, ఒకటి కాస్త ఎడమకి. బాణం వదిలినప్పుడల్లా టిక్ మని చిన్న చప్పుడు, సాయంత్రం చూస్తే స్పిన్ వింగ్స్, అంటే బాణం తోక దగ్గర అంటించే సన్నటి రెక్కలు, వాటి అంచులు చిరిగిపోయి ఉండేవి, రోజుకి రెండు మూడు మార్చేదాన్ని. పిల్ల మాత్రం తప్పు తనదే అనుకుంది. వేళ్ళు సరిగ్గా వదలట్లేదు అని ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి రబ్బరు బ్యాండు లాగి లాగి ప్రాక్టీస్ చేసేది, ఒకరోజు రాత్రి అన్నం తినకుండా "నాకు రాదమ్మా ఇంక, మానేస్తా" అని ఏడ్చింది. ఇంత ఖరీదు పెట్టి కొన్న బాణాలు తప్పు అయ్యుంటాయి అని మా ఇద్దరికీ తట్టనే లేదు.

సార్ వచ్చారు. ఆయన పాప వేయడం కూడా చూడలేదు ముందు, బాణం తీసి దాని మీద నంబరు చూసారు, లింబ్ మీద నంబరు చూసారు, రెండూ చూసి నా వైపు తిరిగి మెల్లగా "అమ్మా, ఇవి చాలా మంచి బాణాలు, కానీ ఈ పిల్లవి కావు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. తిట్టి ఉంటే ఇంకా తేలికగా ఉండేదేమో.

అప్పుడు ఫోన్ లో స్లోమోషన్ వీడియో తీసి చూపించారు. నేను అప్పటిదాకా బాణం అంటే సూదిలాగా తిన్నగా పోతుంది అనుకున్నా. కాదు, రికర్వ్ లో వేళ్ళతో తాడు వదులుతాం కాబట్టి తాడు వేళ్ళ చుట్టూ తిరిగి కాస్త పక్కకి జరిగి ముందుకి పోతుంది, ఆ తోపుకి బాణం విల్లులా వంగుతుంది, మళ్ళీ అటు వంగుతుంది, చేప ఈదినట్టు అటూ ఇటూ ఊగుతూ విల్లు పక్క నుంచి తప్పుకుని పోతుంది. ఆ వంపు సరిపడా ఉంటేనే బాణం తోక రైజర్ కి తగలకుండా వెళ్తుంది. విల్లు బలానికి బాణం మరీ బిరుసుగా ఉంటే వంగదు, తోక తగులుతుంది, కుడిచేతి వాళ్ళకి ఎడమకి పోతుంది. మరీ మెత్తగా ఉంటే ఎక్కువ వంగి కుడికి పోతుంది. కాంపౌండ్ లో తాడుని వేళ్ళతో కాదు, రిలీజ్ అనే పనిముట్టుతో వదులుతారు, పక్కకి ఊగడం చాలా తక్కువ, పైగా ఆ విల్లు 60 పౌండ్ల దాకా ఉండొచ్చు, కాబట్టి వాళ్ళ బాణం మనకి కొలమానమే కాదు అన్నారు. పాప అప్పుడు గోడ మీద అక్క గురించి ఆలోచిస్తోందని నాకు తెలుసు, ఏం మాట్లాడలేదు.

ఆ బిరుసుతనానికే స్పైన్ అని పేరు. నాకు ఈ నంబరు మొదట తలకెక్కలేదు, ఎందుకంటే ఉల్టా ఉంటుంది, నంబరు పెరిగేకొద్దీ బాణం మెత్తన. సార్ చెప్పింది ఏంటంటే బాణాన్ని 28 ఇంచుల దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత కిందకి వంగుతుందో అదే స్పైన్, ఇంచులో వెయ్యో వంతుల లెక్క. 500 అంటే అర ఇంచు వంగింది, 1000 అంటే ఇంచు వంగింది. ఇది వినగానే నాకు ఇంట్లో చేసి చూడాలనిపించింది, టేపు పట్టుకుని బతికేదాన్ని కదా, కొలిస్తే గాని నమ్మకం కుదరదు.

సార్ దగ్గర కొయ్యని కొత్త షాఫ్టులు, అంటే ఉత్త బాణం గొట్టాలు, రెండు అడిగి తెచ్చా, ఒకటి 810, ఒకటి 900, రెండూ ఈస్టన్ కార్బన్ వన్. రాత్రి పని అయ్యాక కటింగ్ టేబుల్, కుట్టు మిషను పక్కపక్కన జరిపి మధ్యలో సందు వదిలి, సరిగ్గా 28 ఇంచులు టేపుతో కొలిచి రెండు వైపులా ఎత్తు సమానంగా ఉండేలా పుస్తకాలు పెట్టా. వంటింటి కాటాలో కందిపప్పు 880 గ్రాములు తూచా, అంటే సంచి, కొక్కెంతో సహా 880, పది గింజలు తీసి పది వేసి సరిచేసా. గోడకి స్కేలు నిలబెట్టి సెల్లోటేపుతో అంటించా. ముందు 620. ఆ ఏసీఈ బాణం మధ్యలో సంచి వేలాడదీస్తే పదిహేను మిల్లీమీటర్లు దాటి పదహారు లోపు ఆగింది. తర్వాత 810, ఇరవై దాటింది. తర్వాత 900, దాదాపు ఇరవై మూడు. మా ఆయన, పాప, చిన్నాడు అందరూ చుట్టూ కూర్చుని చూస్తున్నారు, ఎవరూ మాట్లాడట్లేదు. చేతిలో పట్టుకుంటే మూడూ ఒకేలా గట్టిగా ఉన్నాయి, అదే పప్పు సంచి వేలాడదీస్తే మొదటిదానికీ చివరిదానికీ ఏడు మిల్లీమీటర్ల తేడా. పాప స్కేలు మీద వేలు పెట్టి "అంటే ఇది నా విల్లుకి వంగలేదా అమ్మా?" అంది. అవును తల్లీ, నీ తప్పు కాదు అన్నా. నెల రోజుల్లో ఆ రాత్రే పిల్ల నిద్రపోయింది హాయిగా.

తర్వాత చేసింది అసలు ముందే చేయాల్సిన పని, విల్లు కొలవడం. లింబ్ మీద 30 పౌండ్లు అని ఉంది, కానీ అది 28 ఇంచులు లాగితే వచ్చే బరువు. మా పాప అంత లాగదు, దాని చేతులు ఇంకా చిన్నవి, 26న్నర ఇంచుల దగ్గర క్లిక్కర్ పడుతుంది. ఒక ఇంచు తగ్గితే సుమారు రెండు పౌండ్లు తగ్గుతాయి. సార్ కొక్కెం కాటా తాడుకి తగిలించి క్లిక్కర్ టక్ మనే దాకా లాగి చూస్తే 27న్నర వచ్చింది, అంటే పన్నెండున్నర కేజీలు. లింబ్ మీద నంబరు చూసి బాణం కొంటే అక్కడే ఒక తప్పు జరిగిపోయేది. బాణం పొడుగు కూడా ఊరికే అంచనాకి కాదు, వెనక తాడు పట్టే నాక్ గాడి లోపలి నుంచి షాఫ్ట్ చివరిదాకా, ముందుండే మొన, అంటే పాయింట్, లెక్కలోకి రాదు. పొడుగు బాణం పాప లాగి పట్టుకుంటే సార్ పక్కన మార్కర్ తో గీత పెట్టారు, మూడుసార్లు లాగించి మూడుసార్లు గీసారు, మొదటిసారి పిల్ల బిగుసుకుపోయి పావు ఇంచు తక్కువ లాగింది. బ్లౌజు కొలత ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టే వాళ్ళు ఉంటారు, అచ్చం అలాగే.

ఇంక రకాల సంగతి. నాకు అర్థమైనంతలో చెప్తా. మొదటిది పూర్తి కార్బన్, చివరి నుంచి చివరిదాకా ఒకే లావు. ఇందులోనే చవకవి, మంచివి ఉన్నాయి. మరీ చవకవాటిలో కార్బన్ పీచు అంతా పొడుగు దిశలోనే ఉంటుంది, పడుగు ఉంది పేక లేదు అనుకోండి, గట్టిగా దేనికైనా తగిలితే నిలువునా చీలిపోతుంది. మంచివాటిలో కార్బన్ పొరలు చుట్టి చేస్తారు, అడ్డంగా కూడా పట్టు ఉంటుంది. ఈ పడుగు పేక ముక్క సార్ చెప్పలేదు, చీలిన బాణం ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే నాకే తోచింది, చెప్తే ఆయన "అంతేనమ్మా" అన్నారు. రెండోది లోపల సన్నటి అల్యూమినియం గొట్టం, పైన కార్బన్. అందులో మధ్య లావు, చివర్లు సన్నం ఉండేవి ఏసీఈ, ఎక్స్ టెన్. ఎక్స్ టెన్ 1996 అట్లాంటా ఒలింపిక్స్ అప్పుడు వచ్చింది, బాగా సన్నగా ఉంటుంది, బరువు ఉంటుంది, అందుకే 70 మీటర్లలో గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. మన విజయవాడ అబ్బాయి, రికర్వ్ ఆర్చర్ ధీరజ్ లాంటి వాళ్ళు 70 మీటర్లు నలభై పైన పౌండ్లతో వేసేవాళ్ళు, వాళ్ళకి ఆ బరువు లాభం. మా పాప 27న్నర పౌండ్లతో ఆ బరువైన బాణం వేస్తే దూరం పోవాలంటే విల్లు ఎత్తాలి, సైట్ కిందకి దించాలి, దించి దించి ఆ సైట్ బాణానికే అడ్డం వచ్చే పరిస్థితి. ముందుముందు అండర్ 18లో 60 మీటర్లు వేయాలి, అక్కడికి చేరాలంటే చిన్న పౌండేజీకి తేలిక బాణమే మేలు. అంటే మాకు తక్కువ ధరది సర్దుకోవడం కాదు, మాకు నిజంగా అదే సరైనది. ఇది అర్థమయ్యాక నాకు చాలా బరువు దిగింది. లావు బాణాలు కూడా ఉన్నాయి, 18 మీటర్ల ఇండోర్ లో గీత తగిలితే పై మార్కు వస్తుంది కాబట్టి లావువి వాడతారు, 9.3 మిల్లీమీటర్లు దాటకూడదు అని రూలు, మాకు ఇప్పుడు వాటితో పని లేదు.

బాణం ఎంత తిన్నగా ఉంది అనే దాని గురించి షాపువాళ్ళు ఎక్కువ చెప్తారు, తేడా ఇంచులో మూడు వెయ్యో వంతులే, ఒక వెయ్యో వంతే అని. ఇంచులో మూడు వెయ్యో వంతులు అంటే తల వెంట్రుక మందం. మా పాప దశలో ఆ వెంట్రుక తేడా టార్గెట్ మీద కనపడదు, దానికి డబ్బు పెట్టొద్దు అని నా ఖచ్చితమైన అభిప్రాయం. డజనులో అన్నీ ఒకే బరువు ఉన్నాయా అనేది మాత్రం చూడండి, నేను నగల కాటాలో తూయించా, ఒకటి తేడా వచ్చింది, దాన్ని ప్రాక్టీస్ కి పక్కన పెట్టాం.

ఇప్పుడు 810 ఆ 900 ఆ. ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది. అరువు తెచ్చిన వాటితో 18 మీటర్లలో బేర్ షాఫ్ట్ వేయించారు, అంటే రెక్కలు ఉన్నవి మూడు, రెక్కలు లేనివి రెండు. రెక్కలు ఉంటే బాణం తప్పుని రెక్కలు సరిచేసేస్తాయి, లేకపోతే దాచడానికి ఏమీ ఉండదు. 620 బేర్ షాఫ్ట్ ఒక్కటి వేయించి చూసారు ముందు, అది టార్గెట్ ఎడమ అంచుకి పోయి వంకరగా దిగింది, ఇంక రెండోది వద్దన్నారు. 900 వేస్తే బేర్ షాఫ్టులు గుంపుకి కుడి పక్కన నాలుగు వేళ్ళ దూరంలో పడ్డాయి, కాస్త మెత్తన. 810 ని పాప పొడుగుకి సరిగ్గా కోసిన ముక్క ఒకటి అకాడమీలో ఉంటే అది వేయించారు, ఎడమకి జానెడు, బిరుసు. రెండిటి మధ్యలో ఉంది మా పిల్ల.

మా ఆయన 900 అన్నాడు, ఇవాళ్టికి అదే దగ్గర కదా, పాయింట్ కొంచెం తేలిక చేస్తే సరిపోతుంది అని. లెక్క ప్రకారం తప్పు కాదు. కానీ పిల్ల పెరుగుతోంది. ఇంకో ఆరు నెలల్లో 30 పౌండ్లు, ఏడాదికి 32 అని సార్ ముందే అన్నారు. విల్లు బలం పెరిగితే అదే బాణం ఇంకా మెత్తన అయిపోతుంది, 900 అప్పుడు పనికిరాదు, మళ్ళీ డజను. నేను ఆ రాత్రి ఒక లంగా కుడుతూ ఆలోచించా. పది పన్నెండేళ్ళ పిల్లకి లంగా కుట్టేటప్పుడు ఇవాళ్టి కొలతకి కత్తిరించం కదా, లోపలికి మడత పెట్టి కుడతాం, ఏడాదికి ఒక మడత విప్పుతాం. బాణానికి అలాంటి మడత ఉంటుందా అని పొద్దున్నే వెళ్ళి సార్ ని అడిగా. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి నవ్వారు. "ఉంటుందమ్మా, పొడుగే మడత" అన్నారు.

బాణం పొడుగు ఉంటే మెత్తన, కోస్తే బిరుసు. ముందు పాయింట్ బరువు పెంచితే మెత్తన, తగ్గిస్తే బిరుసు. అంటే 810 తీసుకుని ఇప్పుడు పొడుగ్గా ఉంచి, ముందు బరువైన పాయింట్ పెడితే ఇవాళ్టి 27న్నర పౌండ్లకి సరిపడా మెత్తబడుతుంది. పౌండేజీ పెరిగినప్పుడల్లా అర ఇంచు కోస్తూ పోవచ్చు. లంగాకి మడత విప్పుతాం, బాణానికి కోస్తాం, అంతే తేడా. కాకపోతే ఒక ఇబ్బంది ఉంది, బాణం పొడుగ్గా ఉంటే క్లిక్కర్ కూడా ముందుకి జరగాలి, రైజర్ మీద దాని చోటు సరిపోదు, ముందుకి పొడిగించే ప్లేటు ఒకటి విడిగా కొన్నాం, అది పెద్ద ఖర్చు కాదు. మెత్తటి 900 తీసుకుంటే ఈ దారి ఉండదు, మెత్తగా ఉన్నదాన్ని పొట్టి చేస్తూ పోతే పాప చేతులు పెరిగే వేళకి బాణం క్లిక్కర్ దాకా అందదు, అతికించలేం కదా. అందుకే 810. డజను షాఫ్టులు, 110 గ్రెయిన్ల పాయింట్లు, వెనక తోక విరిస్తే 100 అయ్యేవి. పది గ్రెయిన్లు అంటే అర గ్రాము పైన కొంచెం, ఆ అర గ్రాముకే బాణం నడక మారుతుంది అంటే మొదట నమ్మలేదు, తర్వాత కళ్ళారా చూసా.

కోయడం ఇంట్లో చేయకండి. హ్యాక్సా బ్లేడుతో కోస్తే పీచులు లేస్తాయి, అక్కడి నుంచే తర్వాత చీలుతుంది. అకాడమీలో వేగంగా తిరిగే రాపిడి చక్రం ఉన్న కట్టర్ ఉంది, దాంతోనే కోసారు. ఆ నల్ల పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు పెట్టుకోవాలి, నేను రెండు మాస్కులు పెట్టి పాపని బయట నిలబెట్టా. 28 పావు ఇంచుల దగ్గర గీత. గుడ్డ అయినా బాణం అయినా కత్తి పడే ముందు నేను ఒకసారి ఆగుతాను, మళ్ళీ కొలుస్తాను. మూడో షాఫ్ట్ మీద గీత పావు ఇంచు లోపలికి పెట్టేసా, ఆ రెండో కొలతలోనే దొరికింది, లేకపోతే పదకొండే మిగిలేవి.

పాయింట్లు అంటించేది హాట్ మెల్ట్ తో. మంట పాయింట్ కి చూపించాలి గాని షాఫ్ట్ కి చూపించకూడదు, కార్బన్ ని కలిపి పట్టేది జిగురే, ఎక్కువ వేడి తగిలితే అది పాడైపోతుంది, పైకి ఏమీ కనపడదు. పాయింట్ ని పకారుతో పట్టుకుని కొవ్వొత్తి మీద తిప్పి, జిగురు పూసి, మెల్లగా తిప్పుతూ లోపలికి తోసి, బయటకి వచ్చిన జిగురు తడిగుడ్డతో తుడిచేయాలి. పన్నెండూ నేనే చేసా. స్పిన్ వింగ్స్ కూడా నేనే అంటిస్తా, హుక్కులు కుట్టే చేతికి అది కష్టం కాదు, అకాడమీలో ఇప్పుడు వేరే పిల్లలు కూడా "ఆంటీ మాకు కూడా" అని తెస్తారు.

మళ్ళీ 18 మీటర్లు, మళ్ళీ మూడు, రెండు. బేర్ షాఫ్టులు ఎడమకి మూడు వేళ్ళు. సార్ ప్లంజర్ స్ప్రింగు ఒక చుట్టు వదులు చేసారు, రెండు వేళ్ళు. ఇంకో చుట్టు, ఒక బేర్ షాఫ్ట్ గుంపులోకి వచ్చేసింది, రెండోది దాని పక్కనే. టిక్ మనే చప్పుడు లేదు. పాప ఆరు బాణాలు వేసి టార్గెట్ దాకా నడవలేదు, పరిగెత్తింది. అన్నీ పీకి చేతిలో పట్టుకుని రెక్కలు ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంది, ఒక్కటి చిరగలేదు. "అమ్మా చూడు" అని అంత దూరం నుంచి అరిచింది, పక్కన వేసేవాళ్ళు ఆగి చూసారు. నాకు కళ్ళు తడిసాయి, చెప్పడానికి సిగ్గేం లేదు. నెల రోజులు ఆ పిల్ల తన చేతుల్ని తిట్టుకుంది.

తర్వాత రెండు వారాలకి ఒక బాణం టార్గెట్ చెక్క ఫ్రేముకి తగిలింది. చూడటానికి ఏం కాలేదు. సార్ నేర్పిన ప్రకారం రెండు చివర్లు పట్టుకుని చెవి దగ్గర కొంచెం వంచి తిప్పుతూ వింటే సన్నగా చిటచిట. ఇంకో పద్ధతి దూది రాయడం, పగులు ఉంటే పీచు పట్టుకుంటుంది. నా దగ్గర పట్టు ముక్కలకి కొదవ లేదు, ఒక పట్టు బ్లౌజు ముక్క బాణం మీద నాక్ నుంచి పాయింట్ దాకా జారిస్తే మధ్యలో ఒకచోట దారం పోగు లేచింది, కంటికి కనపడని పగులు అక్కడ ఉంది. దాన్ని అక్కడికక్కడే రెండు ముక్కలు చేసేసారు, ఎవరూ పొరపాటున వేయకుండా. పగిలిన కార్బన్ బాణం వదిలేటప్పుడు విరిగితే చేతిలో గుచ్చుకుంటుంది, ఆ ముళ్ళు తీయడం కూడా కష్టం. తల్లిదండ్రులు మిగతాదేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి, రోజూ వేసే ముందు, దేనికైనా తగిలిన ప్రతిసారీ, వంచి వినండి. మా పాప బాణాల సంచిలో ఆ పట్టు ముక్క ఎప్పుడూ ఉంటుంది.

ఏసీఈ 620 ల సంగతి అడుగుతారు కదా. అకాడమీలో పెద్ద అబ్బాయి ఒకడు 38 పౌండ్లు లాగుతాడు, చేతులు పొడుగు. సార్ ఆ అబ్బాయికి వేయించి చూసారు, గుంపు ఎంత చక్కగా పడిందో. నేను కొన్నదానికి కొంచెం తగ్గించి వాళ్ళ నాన్నకి ఇచ్చేసా. ఆ అబ్బాయి మొన్న ఎదురుపడి "ఆంటీ, ఆ బాణాలు బంగారం" అన్నాడు.

ఈ దసరా సెలవుల్లో పాప లింబ్ బోల్టులు బిగించి 30 పౌండ్లకి తెచ్చారు. బేర్ షాఫ్టులు కుడికి రావడం మొదలుపెట్టాయి. పోయిన ఆదివారం మొదటి మడత విప్పాం, పదకొండు బాణాలకీ అర ఇంచు. ఆ పదకొండు నల్ల ముక్కలూ నా గుండీల డబ్బాలో ఉన్నాయి. ఇంకా ముప్పావు ఇంచు మిగిలి ఉంది, పాయింట్ తోక విరవడం కూడా ఇంకా మొదలుపెట్టలేదు. పాప నిన్న గోడ దగ్గర నిలబడి ఎత్తు కొలవమంది, మూడు నెలల్లో ఇంచు పెరిగింది, చేతులు కూడా చాపమని కొలిచి డబ్బా మూత లోపల రాసి పెట్టా.